పొడగరి నాయికను, కండబలం గల నాయికను కథలో అందగత్తెగా నిలబెట్టడం ఎలా

కథల్లో నాయిక పొడవు చాలావరకు ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. మొదటి పేజీలో ఆమె ఐదడుగుల తొమ్మిదంగుళాలని రచయిత చెబుతాడు, ఆ తరువాత ఆ తొమ్మిదంగుళాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆటో ఎక్కేటప్పుడు ఆమె తల వంచదు, సిటీ బస్సులో ఆమె మోకాళ్లు ముందు సీటుకు తగలవు, మూడో పేజీకల్లా నాయకుడి ఛాతీ మీద తల ఆనించి నిలబడి ఉంటుంది. కండబలం ఉన్న నాయికకు జరిగేది ఇంతకంటే అన్యాయం. బస్టాండులో ఆకతాయిని చితకబాదే సన్నివేశానికి ఆమె బలం పనికొస్తుంది గానీ, ప్రేమ సన్నివేశం మొదలయ్యేసరికి ఆ బలం సెలవు పెట్టి వెళ్లిపోతుంది, ఆ స్థానంలోకి లతలాంటి మరో అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. రచయితకు ఆమె మీద గౌరవం ఉంటుంది. ఆమెను చూసి ఒకరి గుండె ఝల్లుమంటుందని ఊహించే ధైర్యమే ఉండదు.

ఆ ధైర్యం చేయదలచినవారి కోసం ఈ వ్యాసం. హైదరాబాదు నేపథ్యంగా రాసేవారిని ముఖ్యంగా దృష్టిలో పెట్టుకున్నాను, ఎందుకంటే ఇటువంటి స్త్రీలు ఈ నగరంలో రోజూ ఎదురయ్యేవారే. ఎల్బీ స్టేడియంలోనూ గచ్చిబౌలిలోనూ తెల్లవారకముందే సాధనకు వచ్చే క్రీడాకారిణులు, పోలీసు ఉద్యోగం కోసం మైదానాల్లో పరుగు సాధన చేసే డిగ్రీ అమ్మాయిలు, కొండాపూర్ వైపు లేస్తున్న అంతస్తుల మీదికి ఇసుక తట్టలు మోసే పాలమూరు కూలీలు, వీరంతా మన కళ్లముందు తిరుగుతున్నవారే. మన పాఠకులు ఒప్పుకోరన్న సాకు కూడా ఇక్కడ చెల్లదు. దాదాపు ఐదడుగుల పది అంగుళాల పొడవున్న పి.వి. సింధును 2016 రియో ఒలింపిక్స్ రజతం నాటి నుంచి ఈ నగరం తన ఇంటి ఆడపిల్లగా చెప్పుకుంటూనే ఉంది. పాఠకుడు ఎప్పుడో ఒప్పుకున్నాడు, వెనకబడింది మన వర్ణనలే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆమె ఆకర్షణ ఆ పొడవులోంచి, ఆ కండలోంచి పుట్టాలి. వాటిని మన్నించిన తరువాత మిగిలిన ముక్కూ కళ్లలోంచి పుడితే చాలదు. దీన్ని వాక్యంలోనూ సన్నివేశంలోనూ ఎలా అమలు చేయాలన్నదే ఇకమీది వివరమంతా.

మన్నింపు వాక్యాలను ఏరివేయడం

రాసిన ప్రతిలో ముందుగా వెతకవలసినవి మన్నింపు వాక్యాలు. "పొడుగే అయినా ముఖంలో కళ ఉంది", "చేతులు మోటుగా ఉన్నా మనసు వెన్న", "భుజాలు వెడల్పే గానీ చీర కడితే లక్ష్మీదేవే" వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. మెచ్చుకోలు వేషం కట్టిన ఫిర్యాదులివి. వాక్యం మొదటి సగంలో ఒక లోపం నమోదవుతుంది, రెండో సగంలో దానికి పరిహారం అందుతుంది. పాఠకుడు పరిహారాన్ని మరిచిపోయి లోపాన్ని గుర్తు పెట్టుకుంటాడు. విశేషణం మార్చినంత మాత్రాన ఇటువంటి వాక్యం బాగుపడదు. దాని రెండు సగాల మధ్య ఉన్న విరోధాన్ని తీసేసి, అక్కడ కారణాన్ని పెట్టాలి. "రంజాన్ రాత్రి చార్మినార్ దగ్గర అంత జనంలోనూ అతనికి ఆమెను వెతుక్కోవలసిన పని పడలేదు, అందరి తలల మీదుగా ఆమె పాపిట, పాపిట పక్కన జారిన మల్లెపూల కొస అతనికి కనిపిస్తూనే ఉన్నాయి" అని రాస్తే, ఆమె పొడవు అతనికి దొరికిన సౌకర్యమై, ఆ తరువాతి పేజీల్లో అలవాటై, చివరికి ఆమె లేనిచోట వెలితిగా మారుతుంది. పొడవు కథలో పనిచేయడమంటే ఇదే.

ఇలా చెప్పానని కథలోంచి వెక్కిరింతను తుడిచేయనవసరం లేదు. తాటిచెట్టు, ఒంటె, మగరాయుడు అన్న మాటలు పడకుండా మన ఇళ్లలో పొడగరి పిల్ల పెరగదు. "గింత పొడుగు పెరిగితె నీకు పిలగాణ్ణి యాడికెల్లి తేవాలె?" అని చిన్నమ్మ అంటుంది, అననివ్వాలి. అయితే ఆ మాట చిన్నమ్మ నోటితోనే ఆగిపోవాలి, కథకుడి గొంతులోకి పాకకూడదు. చిన్నమ్మ మాట తరువాత వచ్చే వాక్యంలోనే కథకుడు ఎటువైపున్నాడో తేలిపోతుంది. అక్కడ నాయికను అద్దం ముందు నిలబెట్టి ఏడిపిస్తే కథకుడు చిన్నమ్మతో చేతులు కలిపినట్టే. ఆమె స్టూలు అవసరం లేకుండా అటక మీది ఇత్తడి గుండిగను రెండు చేతులతో దించి చిన్నమ్మ ముందు పెట్టి, "చింతపండు ఉన్నదా తోమనీకి?" అని అడిగితే, వెక్కిరింత అలాగే ఉంటుంది గానీ దాని కోరలు ఊడిపోతాయి. పాఠకుడు ఆ చేతులను అప్పుడే మొదటిసారి సరిగా చూస్తాడు.

పొడవు వేరు, కండ వేరు

చాలా రాతప్రతుల్లో ఈ రెండూ కలిసిపోయి ఒక భారీ ఆకారం తయారవుతుంది, అది పొడగరీ కాదు, బలశాలీ కాదు, భయపెట్టే నీడ మాత్రమే. నిజానికి ఏ పని చేస్తే ఏ దేహం వస్తుందన్నది చాలా నిర్దిష్టమైన విషయం. బరువులెత్తేవారిలో పొట్టివారు ఎక్కువగా కనిపిస్తారు, ఎందుకంటే చేతులూ కాళ్లూ పొట్టిగా ఉంటే బరువులు తగిలించిన ఇనుప బార్‌ను నేల నుంచి తలపైకి తీసుకుపోవలసిన దూరం తగ్గుతుంది. వాలీబాల్‌లో స్త్రీల నెట్ ఎత్తు 2.24 మీటర్లు కాబట్టి అక్కడ పొడగరులే రాణిస్తారు. సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ ఆడినవారే. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచింది. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. యాభై కిలోల మనిషి బలం పరిమాణంలో ఉండదు, నడుము తిరిగే వేగంలో, పాదం నేలను తోసే తీరులో ఉంటుంది. ఈ పేర్లు చెప్పింది దేహాల మధ్య తేడా తెలియడానికే. నిజమైన మనుషుల ఒళ్లు చూసి పాత్రను అచ్చుగుద్దడం మర్యాదా కాదు, మంచి కథన పద్ధతీ కాదు.

కాబట్టి నాయిక ఏ పని వల్ల అలా తయారైందో రచయితకు ముందే తెలిసి ఉండాలి, ఆ పని ఆమె ఒంటి మీద వదిలిన గుర్తులు కూడా తెలిసి ఉండాలి. వెయిట్‌లిఫ్టర్ అయితే వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతిలో కాయలు కాస్తాయి, పట్టు జారకుండా రాసుకునే తెల్లటి మెగ్నీషియం కార్బొనేట్ పొడి గోళ్ల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది, బార్ ఆనుకునే చోట కంటెముకల మీద ఎర్రటి చార పడుతుంది. స్త్రీల పోటీల్లో ఉత్త బార్ బరువే 15 కిలోలు, దాన్ని ఆమె ఖాళీ చేతిలా తిప్పుతుంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణికి రాకెట్ పట్టే ముంజేయి రెండోదానికంటే లావుగా ఉంటుంది, ఆ తేడా గాజులు వేసుకున్నప్పుడు ఆమెకు తెలుస్తుంది, ప్రేమించినవాడికి చేయి పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. ఈతగత్తెకు వీపు విప్పారి ఉంటుంది. తట్ట మోసిన స్త్రీకి మెడ నిటారుగా నిలుస్తుంది, నడకలో తల కదలదు. (ఈ చివరి నడకను చూసి కవిత్వం చెప్పేముందు ఆ తట్ట బరువునూ ఆ రోజు కూలినీ కూడా కథలోకి తేవడం ధర్మం. జిమ్‌కు డబ్బు కట్టి తెచ్చుకున్న భుజమూ, పొట్టకూటి కోసం వచ్చిన భుజమూ అందంలో సమానమే కావచ్చు, వాటి వెనకాల కథలు మాత్రం సమానం కావు.)

కండ బిగిసినప్పుడు, సడలినప్పుడు

ఇక్కడ కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కండగల స్త్రీ అనగానే ఉక్కు, రాయి, ఇనుపకడ్డీ అంటూ మొదలుపెడతారు. విశ్రాంతిలో ఉన్న కండ మెత్తగా ఉంటుంది. వెచ్చగా కూడా ఉంటుంది. అది గట్టిపడేది పని చేసేటప్పుడు మాత్రమే. నరాలు పైకి తేలేది సాధన ముగిసిన కాసేపు, ఒళ్లు వేడెక్కి ఉన్నంతసేపు. కండ మీద గీతలు కనిపించడమన్నది చర్మం కింద కొవ్వు ఎంత తక్కువగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది గానీ బలాన్ని బట్టి కాదు, అందుకే చాలా బలమైన స్త్రీలు గుండ్రంగా, నిండుగా కనిపిస్తారు. పురుషులతో పోలిస్తే కండ పెంచే హార్మోను టెస్టోస్టెరాన్ చాలా తక్కువ కాబట్టి స్త్రీకి కండ నెమ్మదిగా, ఏళ్ల తరబడి శ్రమతో వస్తుంది. నెల రోజుల్లో కండలు పెరిగిన నాయికను రాస్తే జిమ్‌కు వెళ్లే ఏ పాఠకురాలైనా అక్కడే పుస్తకం మూసేస్తుంది.

ఈ శరీరధర్మమే రచయితకు పెద్ద వనరు. సినిమా హాల్లో అతని చేతికి తగిలిన ఆమె భుజం మెత్తగా ఉంటుంది, బయటికొచ్చాక పార్కింగ్‌లో అడ్డంగా ఉన్న బండిని ఆమె వెనక చక్రం పట్టి పక్కకు జరిపేటప్పుడు అదే భుజం మరో రూపం దాలుస్తుంది. మెత్తదనానికీ బిగువుకూ మధ్య జరిగే ఆ మార్పును ఒకరు గమనించడంలోనే ఆకర్షణ ఉంది. రెండింట్లో ఏ ఒక్కటే రాసినా బొమ్మ సగమే అవుతుంది.

ఒక నమూనా చూద్దాం.

"చిక్కడపల్లిలో ఆ అపార్టుమెంటు లిఫ్టు మళ్లీ పాడైంది. డెలివరీ కుర్రాడు సిలిండరును మెట్ల దగ్గరే దించి వెళ్లిపోయాడు. రేణుక చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. కుడిచేతి కడియాన్ని మణికట్టు నుంచి పైకి తోసుకుంది. మోకాళ్లు వంచి బాగా కిందికి దిగి, సిలిండరును ఒంటికి ఆనించుకుని లేచింది. ఒక్క ఊపిరి వదిలిన చప్పుడు మురళికి వినిపించింది. ఆమె ముంజేతిలో రెండు నరాలు తేలాయి, మెట్టు మీద పాదం మోపినప్పుడల్లా పిక్క మీద ఒక గీత బిగిసి సడలింది. మూడో అంతస్తులో దించినప్పుడు ఇనుము నేలకు తగిలిన చప్పుడు రాలేదు. 'తాళం తియ్యి' అంది. తాళంచెవి తన జేబులోనే ఉందని మురళికి అప్పుడు గుర్తొచ్చింది."

ఇంటి సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము బరువుతో కలిపితే సుమారు ముప్పై కిలోలు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దాన్ని జరిపి చూసినవారే కాబట్టి ఆ బరువెంతో పాఠకుడి చేతులకు తెలుసు, అంకె చెప్పనక్కరలేదు. ఈ నమూనాలో అందం, సౌందర్యం, ఆకర్షణ అన్న మాటలు లేవు. కడియాన్ని పైకి తోసుకోవడంలో ఆమెకున్న అలవాటు తెలుస్తుంది. చప్పుడు లేకుండా దించడంలో అదుపు తెలుస్తుంది. మురళి మతిమరుపులో మిగిలినదంతా ఉంది. ఒక మనిషి అందాన్ని చెప్పడానికి ఎదుటి మనిషి చేసిన చిన్న పొరపాటు కంటే నమ్మకమైన సాక్ష్యం దొరకదు. ఇదే సన్నివేశంలో మురళి "అబ్బ, ఎంత బలం!" అని ఉంటే ఆమె సర్కసు మనిషి అయిపోయేది.

ఎవరి కళ్లతో చూస్తున్నాం

వర్ణన ఎప్పుడూ ఒకరి చూపు. ఆ ఒకరెవరో తేల్చుకోకుండా రాస్తే వచ్చేది కొలతల పట్టిక. టైలరు చూసేది భుజం కుట్టు ఎక్కడ పడుతుందోనని, కోచ్ చూసేది మోకాలు లోపలికి వాలుతోందా అని, తోటి అమ్మాయి చూసేది అసూయతోనో ఆరాధనతోనో, ప్రేమించినవాడో ప్రేమించిన ఆమో చూసేది వీటన్నిటికీ వేరుగా. ఒక సన్నివేశానికి ఒక చూపు చాలు. ఆ చూపున్నవారి స్థానాన్ని బట్టి ఏది ముందు కనిపిస్తుందో నిర్ణయించుకోవాలి. ఆమెకంటే పొట్టివాడికి ముందుగా కనిపించేది ఆమె గడ్డం కింది భాగం, కంఠం, చెవి లోలాకు ఊగే తీరు. కళ్లు ఆ తరువాత వస్తాయి, అదీ ఆమె తల దించి చూసినప్పుడే వస్తాయి. ఆమె తల దించి చూడడం అతనికి ప్రతిసారీ ఒక అనుగ్రహంలా అనిపిస్తే, రచయిత వేరే వర్ణన వెతుక్కోవలసిన పని లేదు.

స్త్రీ అందాన్ని తలెత్తి చూడడం తెలుగునేలకు కొత్త సంగతేమీ కాదు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పాలంపేట రామప్ప గుడికి వెళితే, వెలుపలి చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీమూర్తులు నిలబడి ఉంటాయి. సాగదీసినట్టుండే ఆ పొడవాటి కాళ్లను, నడుము దగ్గర విరిగి మళ్లీ పైకి లేచే ఆ నిలువును చూడాలంటే కింద నిలబడి మెడ ఎత్తవలసిందే. శిల్పి ఆ కోణాన్ని లెక్కలోకి తీసుకునే చెక్కాడని నాకనిపిస్తుంది. హైదరాబాదు నుంచి ఒక రోజులో వెళ్లి రాగల దూరం. పొడగరి నాయికను రాయదలచినవారు నోటుపుస్తకంతో వెళ్లి, ఒక్క మదనిక ముందు నిలబడి, తమ చూపు పాదాల నుంచి పైకి ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకుంటే అది మంచి అభ్యాసమవుతుంది.

బలం, శృంగారం ఒకే క్షణంలో ఉండగలవా అన్న సందేహానికి పోతన ఎప్పుడో జవాబు చెప్పాడు. భాగవతం దశమ స్కంధంలో నరకాసురుడితో యుద్ధం చేసేది సత్యభామ. పక్కనే గరుత్మంతుడి మీద కృష్ణుడున్నాడు. ఆమె శత్రువును చూసే చూపునూ మగణ్ణి చూసే చూపునూ, ఒకదాంట్లో రోషం, ఒకదాంట్లో రాగం, ఒకే పద్యంలో మార్చి మార్చి పెట్టాడు. విల్లు లాగే చేయి ఒక పాత్రదీ, మగడు మోహించే ముఖం మరో పాత్రదీ అన్న విభజన ఆయన చేయలేదు. మన తరంలో నాయికను యుద్ధ సన్నివేశానికి ఒకలా, పాటకు ఒకలా ముక్కలు చేసే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, పోతన నుంచి మాత్రం రాలేదు. పద్యం చదివి దాని పోలికలను ఎత్తుకురానక్కరలేదు, ఆ అమరికను పట్టుకుంటే చాలు. ఆమె బలం పతాకస్థాయిలో ఉన్న క్షణంలోనే ఆమెను ప్రేమించినవారి చూపు కూడా అక్కడే ఉండాలి.

ఇక ఆమె తనను తాను చూసుకునే చూపు. బడిలో ప్రార్థన వరుసలో చివర నిలబడి, గ్రూప్ ఫొటోలో వెనక వరుసకు పోయి, వంగి నడిచీ నడిచీ భుజాలు ముందుకు వాలిన పిల్ల ఒకనాడు నిటారుగా నిలబడడం మంచి ఘట్టమే, అయితే ప్రతి పొడగరి కథా ఇదే కానక్కరలేదు. తన ఎత్తు తనకు ఎప్పుడూ ఇష్టంగానే ఉన్న అమ్మాయిలు ఉంటారు. మెట్రోలో పట్టుకోవడానికి పైకడ్డీ సులువుగా అందుతున్నందుకు, పరుగు ముగిశాక తొడలు వణుకుతున్నందుకు ఆమెకు కలిగే చిన్న సంతోషాలు రాయాలి. తన ఒంట్లో తాను సుఖంగా ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా కళ్లు తిప్పుకోవాలనిపించదు.

చీర, జాకెట్టు, గాజులు

దుస్తుల గురించి మన రచయితలు రంగుతో ఆగిపోతారు. పొడగరికి రంగు కంటే పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ముఖ్యం. మామూలు చీర పన్నా నలభై అయిదు అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, అందరూ నడుము దగ్గర మడిచి దోపుకునే చోట ఆమెకు దోపడానికి గుడ్డ మిగలదు, అంచు చీలమండ పైనే ఆగిపోతుంది. కొన్న ప్రతి చీరా ముందు తన ఒంటికి ఆనించి చూసుకునే అలవాటు ఆమెకుంటుంది. ఒక పెద్ద పన్నా చీర దొరికి, పాదాల దాకా కుచ్చిళ్లు జారిన రోజు ఆమె నడకే మారుతుంది. భుజాలున్న అమ్మాయికి జాకెట్టు చేతి దగ్గర పట్టేస్తుంది, తొడలున్న అమ్మాయికి జీన్స్ తొడకు సరిపోతే నడుము దగ్గర వదులవుతుంది. ఇవి ఫిర్యాదులుగా కాక, ఆమె రోజువారీ లౌక్యంగా కథలోకి రావాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చార్మినార్ పక్కనున్న గాజుల వీధి, లాడ్ బజార్. గాజు సైజు మణికట్టును బట్టి ఉండదు, బొటనవేలు లోపలికి మడిచినప్పుడు అరచేయి ఎంత వెడల్పుగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. రెండు-నాలుగు, రెండు-ఆరు అంటూ అంగుళంలో పదహారో వంతుల లెక్కన సాగే ఆ సైజుల్లో బార్ పట్టి పట్టి విచ్చుకున్న చేతికి రెండు-ఎనిమిది కూడా కణుపుల దగ్గర ఆగిపోవచ్చు. అనుభవమున్న గాజులవాడు ఆమెను ఏమీ అడగడు. చేతివైపు ఒక్కసారి చూసి, రెండు-పది లక్కగాజుల పెట్టె తీసి మూత తెరుస్తాడు. అందులో జాలీ లేదు, ఆశ్చర్యమూ లేదు, వృత్తి తెలిసిన చూపు ఉంది. పక్కన నిలబడిన ప్రేమికుడు ఆ చూపును గమనించి తానూ అలా చూడడం నేర్చుకుంటే, ఒక్క అరపేజీలో ముగ్గురు మనుషులు నిలబడతారు.

జోడీని నిలబెట్టడం

పక్కనున్నవారి ఎత్తు తేల్చకుండా పొడగరి ప్రేమకథ రాయలేం. అతను ఆమెకంటే పొడుగైతే రచయిత పని తేలికవుతుంది, కథకు మాత్రం ఒక పొర తగ్గుతుంది. అతను పొట్టి అయితే అతన్ని హాస్యగాణ్ణి చేయకుండా కాపాడుకోవాలి. అందుకు మార్గం అతనికి తన ఎత్తు గురించి బెంగ లేకపోవడం, ఆమె ఎత్తు గురించి మాత్రం బోలెడంత ఆసక్తి ఉండడం. మే నెలలో ట్యాంక్‌బండ్ మీద "నీ పక్కన నడుస్తుంటె ఎండ తగుల్తలేదు" అనగలిగినవాడికి పాఠకురాళ్లు అభిమానులవుతారు.

ఎత్తు తేడా అన్ని భంగిమల్లోనూ ఒకేలా ఉండదన్నది చాలామంది రచయితలు ఉపయోగించుకోని రహస్యం. పొడవులోని తేడా ఎక్కువగా కాళ్లలో ఉంటుంది కాబట్టి కూర్చున్నప్పుడు చాలా జంటలు దాదాపు సమానమవుతాయి. ఇరానీ హోటల్లో చాయ్ మీదుగా ఎదురెదురుగా ఉన్నవారి కళ్లు ఒకే ఎత్తులో ఉండి, బిల్లు కట్టి లేచేసరికి మళ్లీ తేడా వస్తుంది. గోల్కొండలో బాలా హిస్సార్ నుంచి దిగేటప్పుడు రెండు మెట్లు వెనకున్న అతనికి ఆమె పాపిట పైనుంచి కనిపిస్తుంది. ఇన్ని నెలల పరిచయంలో అతను చూడని చోటు అదొక్కటే. అక్కడొక చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలుస్తుంది. ఇటువంటి వివరం సమానమైన ఎత్తున్న జంటకు దొరకదు, ఇది ఈ జంటకే చెందిన సొత్తు.

పెళ్లి సన్నివేశం రాస్తే మన సంప్రదాయమే సాయం చేస్తుంది. పీటల మీద కూర్చున్న వధూవరుల మధ్య తెర ఉంటుంది, జీలకర్రాబెల్లం తలల మీద పెట్టుకున్నాక తెర తీయగానే కళ్లు నేరుగా కలుస్తాయి, ఎత్తు తేడా గురించి ఏడాదిగా గుసగుసలాడిన బంధువులకు ఆ క్షణంలో చెప్పడానికి ఏమీ మిగలదు. తలంబ్రాల దగ్గర పొడవాటి చేతుల అమ్మాయికి ఎలాగూ పైచేయే. అతను దోసిలి ఎత్తేలోపే ఆమె పళ్లెం ఖాళీ చేసి ఉంటుంది.

వదిలేయవలసిన మలుపులు

కొన్నిటిని విస్తరించి చెప్పనక్కరలేదు. కళ్లజోడు తీసి, జుట్టు విరబోసి, కండ కనపడని బట్టలు తొడిగి ఆమెను "మార్చే" సన్నివేశం కథనంతా రద్దు చేస్తుంది. చివర్లో ఆమెకు జబ్బు చేయించి అతని చేతుల మీద ఆసుపత్రికి చేర్చడం, చేతులు కలిపి బలం చూసుకునే పంజా పోటీలో ఆమె కావాలని ఓడిపోవడం కూడా అదే పని చేస్తాయి. ఆమెను ఎప్పుడూ కాపలాదారుగానే వాడడం మరో రకం చిన్నచూపు, బలమున్న మనిషికీ ఒకరి ఒడిలో తల పెట్టుకునే హక్కుంది, దానికోసం ముందు ఆమెను నీరసపరచనక్కరలేదు. దేహాన్ని పాదం నుంచి తల దాకా ఒకే పేరాలో వర్ణించి మళ్లీ ఎప్పుడూ ముట్టుకోకపోవడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. వర్ణనను కథ పొడవునా చిన్న మోతాదుల్లో పంచాలి, ప్రతి మోతాదూ ఒక పనికో ఒక చూపుకో అంటుకుని ఉండాలి. పోలికల విషయానికొస్తే, మగవాడితో పోల్చడం పూర్తిగా మానుకోవడం మంచిది. "మగాడిలాంటి భుజాలు" అన్న క్షణం ఆ భుజాలు ఆమెవి కాకుండా పోతాయి.

ప్రతి పూర్తయ్యాక ఎత్తుకు సంబంధించిన వాక్యాలన్నిటినీ రంగు పెన్సిలుతో గుర్తుపెట్టి చూడాలి. గుర్తులన్నీ మొదటి మూడు పేజీల్లోనే పోగుపడితే ఆమె మధ్యలో ఎక్కడో కుంచించుకుపోయిందని అర్థం. తరువాత ఆ ప్రతిని నిజంగా పొడుగున్న, లేదా నిజంగా బరువులెత్తే ఒక స్త్రీకి చదవడానికి ఇవ్వాలి. కథ బాగుందా అని ఆమెను అడగకుండా, తలుపుల దగ్గరా బస్సులోనూ మంచం మీదా నాయిక చేసినవి కుదురుతాయా అని మాత్రమే అడగాలి.

ఆఖరి జాగ్రత్త బొమ్మ గురించి. పత్రికకో వెబ్ పత్రికకో పంపితే చిత్రకారుడు కథ మొత్తం చదవకపోవచ్చు, చదివినా చేయి అలవాటు కొద్దీ సన్నని నడుము, వంచిన తల, అతని భుజం దాకా వచ్చే ఎత్తు గీసేస్తుంది. అందుకే కథతోపాటు సంపాదకుడికి మూడు వాక్యాల చీటీ పంపాలి. నాయిక నాయకుడికంటే నాలుగంగుళాలు పొడుగని, ఆమె భుజాలు అతని భుజాలకంటే వెడల్పని, బొమ్మలో ఇద్దరూ నిలబడే ఉండాలని అందులో స్పష్టంగా రాయాలి. కూర్చున్న బొమ్మ వేస్తామంటే ఒప్పుకోకూడదు.